ఊళ్ళోకి పర్యాటకులను పిలిచేముందు: ఏ పద్ధతి ఏ ఊరికి నప్పుతుంది?

పోయిన దసరాకు జమ్మికి పోయి వచ్చాక మా వీధి అరుగుల మీద కూర్చుని ఒక లెక్క వేశాం. వీధిలో ఇరవై రెండు ఇళ్ళు. తొమ్మిదింటికి తాళాలు. ఇంకో ఆరింట్లో ముసలివాళ్ళు మాత్రమే ఉన్నారు. మాది పాలమూరు వైపు. బొంబాయి బస్సెక్కి పనికి పోవడం మాకు తాతల కాలం నుంచీ ఉన్నదే. కానీ అప్పట్లో పోయినవాళ్ళు తొలకరి పడగానే తిరిగొచ్చి నాగలి పట్టేవాళ్ళు. ఇప్పుడు పోయినవాళ్ళు పండక్కి వచ్చి, మూడో రోజు తాళం వేసుకుని వెళ్తున్నారు.

ఆ అరుగు మీదే వరసకు తమ్ముడయ్యే ఒక పిల్లవాడు ఫోన్‌లో ఏదో రిసార్టు వీడియో చూపించి, "మనూర్ల గూడ టూరిజం పెడ్దామన్నా" అన్నాడు. ఒకరు చెరువు కట్ట మీద గుడారాలు వేద్దామన్నారు. ఇంకొకరు పాత ఇళ్ళు బాగుచేసి అద్దెకిద్దామన్నారు. మరొకాయన ఎవరో కంపెనీవాళ్ళకు పదెకరాలు లీజుకిస్తే వాళ్ళే చూసుకుంటారన్నారు. అందరిదీ మంచి ఆలోచనే. అయితే ఇవన్నీ ఒకటి కావు. ఒక్కో దానికి పెట్టుబడి వేరు, కష్టం వేరు, చివరికి డబ్బు చేరే చెయ్యి వేరు. ఈ ఏడాదంతా సెలవు దొరికినప్పుడల్లా నేను తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీ ఊళ్ళో కూడా ఇదే చర్చ నడుస్తుంటే పనికొస్తుందని.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. పర్యాటకం ఒక్కటే ఏ ఊరినీ బతికించలేదు. ఊళ్ళో ఏదో ఒక పని ఇంకా కొనఊపిరితోనైనా ఉండాలి: మగ్గమో, పొలమో, బొమ్మల పనో, చెరువులో చేపల పనో. అతిథి ఇచ్చే డబ్బు ఆ పనికి తోడుగా వస్తే, మానేద్దామనుకున్నవాడు ఇంకో రెండేళ్ళు ఆగుతాడు. ఆ పని పూర్తిగా ఆగిపోయిన చోట అతిథులకు చూపించడానికీ ఏమీ ఉండదు, వాళ్ళు రాని నెలల్లో తినడానికీ ఏమీ ఉండదు. కింద చెప్పే పద్ధతుల్లో కొన్ని నేను కళ్ళారా చూసినవి, కొన్ని అడిగి, చదివి తెలుసుకున్నవి.

పోల్చేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకున్నాను. అతిథి ఇచ్చిన వంద రూపాయల్లో ఊరి గడప దాటకుండా మిగిలేది ఎంత? ఏడాదిలో ఎన్ని రోజులు జనం వస్తారు? పెరిగే చాకిరీ ఎవరి నెత్తిన పడుతుంది? రేపు వద్దనుకుంటే ఊరు మళ్ళీ మామూలుగా మారగలదా? చివరి ప్రశ్న చాలామంది వేసుకోరు. నాకు మాత్రం అన్నిటికన్నా అదే ముఖ్యం అనిపించింది.

పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళు

మన దగ్గర దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ పోచంపల్లి. హైదరాబాద్ నుంచి యాభై కిలోమీటర్ల లోపే. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇచ్చిన ఊరు, భూదానం పుట్టిన ఊరు. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది.

ఇక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పొద్దున వచ్చి, మగ్గాలు చూసి, చీర కొనుక్కుని, చీకటి పడకముందే వెళ్ళిపోతారు. ఊళ్ళో పడక ఏర్పాట్లు అక్కర్లేదు. కొత్త కట్టడాలు అక్కర్లేదు. ఉన్న పనినే చూపిస్తారు. అందుకే పెట్టుబడి తక్కువ, వెనక్కి తీసుకోవడం తేలిక. చీర అమ్ముడైతే డబ్బు ఊళ్ళోనే ఉంటుంది.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. అది నేత ఇంట్లో కూర్చుంటే తప్ప తెలియదు. నూలుకు చిటికి కట్టడం, రంగుల్లో ముంచడం, మళ్ళీ విప్పడం, ఆసు పోయడం, ఆ తర్వాత గదా మగ్గం ఎక్కించడం! ఒక్క చీరకు ఆసు పోయాలంటే ఆడవాళ్ళు చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి. వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేకనే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంత పని నడిచే ఇంట్లోకి పదిమంది వచ్చి అరగంట నిలబడి ఫోటోలు తీసుకుంటే, ఆ అరగంట నేత ఆగిపోతుంది. వాళ్ళు కొనేది మాత్రం రోడ్డు మీద షోరూమ్‌లో. అక్కడ ఇక్కత్ డిజైన్ అచ్చువేసిన బట్ట కూడా దొరుకుతుంది, అది మగ్గం ముఖం చూడనిది. మగ్గం ముందు కూర్చున్న మనిషికి దక్కేది ఒక నవ్వు, ఒక నమస్కారం.

కాబట్టి మీ ఊళ్ళో చేతిపని ఉండి ఈ దారి ఎంచుకుంటే, మొదటి రోజు నుంచే చూపించడానికి ధర పెట్టండి. మనిషికి యాభయ్యో, వందో. అది చూపించిన ఇంటికే వెళ్ళాలి. మొహమాటపడితే తర్వాత పెట్టలేరు. ఒకరింటికే కాకుండా రోజుకో నాలుగిళ్ళు వంతున తిప్పాలి. పని గురించి చెప్పేవాడు బయటి గైడ్ కాకుండా, ఆ ఇంటి పిల్లవాడే అయితే ఇంకా బాగుంటుంది. తండ్రి పని గురించి నలుగురికి చెప్పుకున్న పిల్లవాడు ఆ పనిని చిన్నచూపు చూడడం తగ్గుతుంది.

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క రంగులు పట్టించే బొమ్మల పని, పెంబర్తిలో ఇత్తడి పని, నిమ్మలకుంటలో తోలుబొమ్మలు, చేర్యాలలో నకాశీ పటాలు, అన్నీ ఈ పద్ధతికి సరిపోయేవే. కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల పోటీలో 2023లో పెంబర్తికి, చంద్లాపూర్‌కు, 2024లో నిర్మల్‌కు, సోమశిలకు గుర్తింపు వచ్చింది. అలాంటి గుర్తింపు వస్తే జనం వస్తారు. వచ్చాక వాళ్ళు ఎక్కడ కొంటారన్నది మాత్రం ఊరు చేసుకునే ఏర్పాటును బట్టి ఉంటుంది.

ఇంట్లో బస

దీని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరికీ ఇదే ఇష్టం, అందరూ ఇక్కడే తడబడతారు.

మా పెద్దమ్మకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె అన్న మాట: "ఇంటికొచ్చినోళ్ళకు బువ్వ పెడ్తం గని, పైసలెట్ల అడుగుతం బిడ్డా?" నవ్వేసి వదిలేసే మాట కాదిది. మన ఊళ్ళలో ఇల్లు అంటే అద్దె వస్తువు కాదు. భోజనానికి ధర కట్టడం చాలామంది పెద్దవాళ్ళకు తప్పు చేసినట్టే అనిపిస్తుంది. అందుకే డబ్బు వాళ్ళ చేత అడిగించకూడదు. ఊరి కమిటీయో, మహిళా సంఘమో ముందే వసూలు చేసి, వారం చివర వాళ్ళకు ఇవ్వాలి. అతిథి పెద్దమ్మకు అతిథిగానే ఉంటాడు.

ఇప్పుడు లెక్క. ఇది నా అంచనా మాత్రమే, మీ ఊరి ధరలు పెట్టి మీరూ వేసుకోండి. ఒక గది, ఇద్దరు అతిథులు, భోజనంతో కలిపి రాత్రికి 2,000 రూపాయలు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా శని, ఆదివారాలు సుమారు 34 రాత్రులు. పండగ సెలవులు, మిగతా రోజులు కలుపుకుని ఏడాదికి 60 రాత్రులు అనుకుందాం. మార్చి నడిమి నుంచి మా వైపు ఎండలకు ఊరివాళ్ళమే బయటికి రాము, పర్యాటకుడు ఏం వస్తాడు? మొత్తం వచ్చేది 1,20,000. సరుకులు, గ్యాస్ రోజుకు 700 చొప్పున 42,000. తోడు పనిచేసే మనిషికి రోజుకు 200 చొప్పున 12,000. దుప్పట్లు, కరెంటు, చిన్న రిపేర్లు 15,000. ఊరి నిధికి పదో వంతు 12,000. అన్నీ పోగా మిగిలేది 39,000. నెలకు మూడు వేల పైచిలుకు.

ఇది తక్కువేమీ కాదు. ఊళ్ళో ఒంటరిగా ఉండే మనిషికి మందుల ఖర్చు వెళ్ళిపోతుంది, పిల్లల కాలేజీ ఫీజులో కొంత వెళ్తుంది. కానీ ఈ గది కోసం మూడు లక్షలు పదకొండు శాతం వడ్డీకి తెచ్చి ఉంటే, ఏడాది వడ్డీయే 33,000. ఇక మిగిలేది టెన్షనే. ఇంట్లో బస అంటే ఉన్న గదికి సున్నం వేసి, మంచి మరుగుదొడ్డి కట్టి, దోమతెర పెట్టి మొదలుపెట్టేది. కొత్త అంతస్తు లేపి మొదలుపెట్టేది కాదు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్రా రుణాలు ఇస్తామన్నారు. దొరుకుతుంది కదా అని తీసుకోకండి. మొదటి ఏడాది మీ ఇంటికి ఎన్ని రాత్రులు నిండాయో చూసి తర్వాత ఆలోచించండి.

గిరిజన గ్రామాల సంగతి కాస్త వేరు. 2024 అక్టోబర్‌లో మొదలైన ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ్ ఉత్కర్ష్ అభియాన్ కింద వెయ్యి గిరిజన హోమ్‌స్టేలకు సాయం పెట్టారు. కొత్తగా రెండు గదులు కట్టుకోవడానికి ఇంటికి 5 లక్షల దాకా, ఉన్న గదులు బాగుచేసుకోవడానికి 3 లక్షల దాకా, ఊరి ఉమ్మడి అవసరాలకు 5 లక్షల దాకా. అరకు, పాడేరు, ఉట్నూరు వైపు ఉన్నవాళ్ళు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో అడిగి చూడాలి.

నిబంధనల్లో రెండు ముందే తెలుసుకోవాలి. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపు కావాలంటే యజమాని కుటుంబం అక్కడే నివసిస్తూ ఉండాలి, గదులు ఒకటి నుంచి ఆరు వరకే, పడకలు పన్నెండు వరకే. విదేశీ పాస్‌పోర్టు ఉన్న అతిథి వస్తే 24 గంటల్లో ఆ వివరాలు అధికారులకు తెలపాలి.

ఇందులో మొదటిది మన ఎన్నారైలకు నేరుగా తగులుతుంది. డల్లాస్‌లో ఉండి, ఊళ్ళో తాతగారి మండువా ఇల్లు బాగుచేయించి హోమ్‌స్టే చేద్దామనుకునేవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు. మనసు మంచిదే. కానీ ఎవరూ ఉండని ఇంట్లో అతిథిని పెడితే అది లాడ్జి అవుతుంది. ఆ ఇంటిని నడిపించే కుటుంబాన్ని ముందు చూసుకోవాలి. ఊళ్ళోనే ఉన్న చుట్టాలో, పాలేరుగా చేసిన వాళ్ళ పిల్లలో. జీతానికి కాకుండా వాటాకు. ఇటలీలో ఇలాంటి తాళం పడ్డ ఇళ్ళకే ఒక పద్ధతి కనిపెట్టారు. 1976లో ఫ్రియూలి ప్రాంతంలో భూకంపం వచ్చాక ఖాళీ అయిన ఊళ్ళను ఏంచేయాలన్న ఆలోచనలో పుట్టింది. దాన్ని అల్బెర్గో డిఫూజో అంటారు, ఊరంతా పరుచుకున్న హోటల్ అన్నమాట. గదులు ఊళ్ళో వేర్వేరు పాత ఇళ్ళలో ఉంటాయి, అందరికీ కలిపి ఒకే ఆఫీసు, ఒకే వంటగది. అబ్రుజ్జోలోని సాంతో స్తెఫానో ది సెస్సానియో అలా మళ్ళీ దీపం వెలిగించుకున్న కొండ ఊరు. తాళాల ఇళ్ళు నాలుగైదు దగ్గరదగ్గరగా ఉన్న చోట మనమూ ఇది చేయొచ్చు. ఒక్కో ఇంటికి ఒక్కో వంటావిడను పెట్టే ఖర్చు తప్పుతుంది.

ఇంకో మాట. ఎవరి ఇంట్లో బస అన్నది కూడా అడగాలి. మన ఊళ్ళలో అందంగా, విశాలంగా మిగిలిన ఇళ్ళు ఎవరివో అందరికీ తెలుసు. హోమ్‌స్టేలన్నీ ఆ పెద్దిళ్ళలోనే పెట్టి, వాడలోవాళ్ళను గిన్నెలు తోమడానికి పిలిస్తే, అది పాత ఊరే, కొత్త బోర్డుతో. ఊరు తేరుకున్నట్టు కాదు. "వంట ఎవరు చేస్తారు?" అని కులం కోసం అడిగే అతిథులు కూడా వస్తారు. వాళ్ళకు బుకింగ్ ఇవ్వకూడదని ముందే రాసుకోవాలి. మా ఊళ్ళో మొదటి మూడు ఇళ్ళలో ఒకటి దళితవాడ నుంచే ఉండాలని నేను పట్టుబట్టాను. కొందరికి నచ్చలేదు. రెండు నెలలు మాట్లాడాక ఒప్పుకున్నారు.

వంతుల సంగతీ అంతే ముఖ్యం. లడఖ్‌లో మంచు చిరుతలను కాపాడడం కోసం మొదలైన హిమాలయన్ హోమ్‌స్టేలలో అతిథులను ఇంటింటికీ వంతుగా పంపిస్తారు, ఆదాయంలో కొంత ఊరి నిధికి తీస్తారు. మనకిది కొత్తా? చెరువు కింద ఆయకట్టుకు నీళ్ళు పంచేటప్పుడు మా నీరటి చేసేది ఇదే. రాయలసీమలో నీరుగంటి అంటారు. పైమడి వాడిది ఎంత పెద్ద చెయ్యి అయినా, తూము దగ్గర వంతు వంతే. అతిథులను కూడా అలాగే పంచాలి. ఆన్‌లైన్‌లో బాగా ఫోటోలు పెట్టిన ఒక్క ఇంటికే అందరూ పోతే, రెండేళ్ళలో వీధి రెండుగా చీలుతుంది.

పొలంలో ఒక రోజు

మహారాష్ట్రలో దీన్ని బాగా పట్టుకున్నారు. బారామతి వైపు 2005లో పాండురంగ్ తావరే మొదలుపెట్టిన వ్యవసాయ పర్యాటకం ఇప్పుడు ఆ రాష్ట్రంలో చాలా జిల్లాలకు పాకింది. 2020లో ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది. పుణె, ముంబై జనం చలికాలంలో హుర్డా తినడానికి పొలాలకు వస్తారు. హుర్డా అంటే ఏమిటో తెలుసా? పాలకంకి దాటి గింజ గట్టిపడే ముందు జొన్న కంకులు కాల్చి, వేడివేడిగా నలిపి తినడం. మన ఊచబియ్యమే! చిన్నప్పుడు చేను గట్టు మీద కూర్చుని తిన్నవాళ్ళకు వేరే చెప్పాల్సిన పనిలేదు. వాళ్ళు దానికి టికెట్ పెట్టారు. మనం జొన్న వేయడమే తగ్గించేశాం.

ఈ పద్ధతిలో నాకు నచ్చింది, రైతు తన పంట మానకపోవడం. పంటే ఆకర్షణ. సీతాఫలాల కాలంలో ఒకసారి, వేరుశనగ పీకేటప్పుడు ఒకసారి, ఊచబియ్యం వేళకు ఒకసారి, మామిడికి ఒకసారి. మనిషికి 400 తీసుకుని ముప్ఫై మందికి భోజనం పెట్టి పంపితే, ఒక ఆదివారానికి 12,000. సగం ఖర్చు పోయినా, అదే గట్టు మీద వాళ్ళు కొనుక్కెళ్ళే పప్పు, పల్లీ, కాయ మీద మిగిలేది వేరే. దళారీ ధరకు రెండింతలు రాకపోయినా, కాటా దగ్గర మోసం ఉండదు.

పట్నానికి రెండు, రెండున్నర గంటల దూరంలో ఉన్న ఊళ్ళకే ఇది కుదురుతుంది. అంతకన్నా దూరమైతే ఒక్క రోజుకు ఎవరూ రారు. నీడ, నీళ్ళు, ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి లేకుండా ఒక్క బృందాన్ని కూడా పిలవకండి. పాము కాటు మందు ఏ ఆసుపత్రిలో ఉందో, ఎంత సేపట్లో చేరగలరో తెలుసుకుని ఉండాలి. బావికి చుట్టూ గోడ తప్పనిసరి.

ఊరే నడపడమా, బయటివాళ్ళకు అప్పగించడమా

గుజరాత్‌లోని కచ్‌లో, బన్నీ గడ్డి మైదానాల్లో రెండు ఊళ్ళు ఉన్నాయి. హోడ్కాలో ఊరి కమిటీయే షామ్-ఎ-సర్హద్ అనే చిన్న విడిది నడుపుతుంది. భుంగాలనే గుండ్రటి మట్టి ఇళ్ళు, ఊరివాళ్ళ వంట, ఊరి ఆడవాళ్ళ కుట్టుపని. చలికాలం నెలల్లోనే తెరుస్తారు, మిగతా రోజుల్లో పశువుల పని. కేంద్ర పర్యాటక శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి చేసిన ప్రాజెక్టుతో అది మొదలైంది. ఆ ప్రాజెక్టులో మన పోచంపల్లి కూడా ఉంది. దగ్గర్లోనే ధోర్డో. అక్కడ రణ్ ఉత్సవ్ కోసం ఏటా పెద్ద గుడారాల నగరం వెలుస్తుంది, ప్రైవేటు సంస్థలు నడుపుతాయి. కొద్ది రోజుల పండగగా మొదలై ఇప్పుడు నెలల తరబడి సాగుతోంది. 2023లో ధోర్డో కూడా ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామాల జాబితాలో చేరింది.

జనాన్ని రప్పించడంలో ధోర్డో పద్ధతికి సాటిలేదు. రోడ్లు, కరెంటు, ప్రచారం, అన్నీ వచ్చాయి. పక్క ఊళ్ళ చేతిపనులకు కూడా బేరాలు పెరిగాయి. కానీ దాని వెనక రాష్ట్ర ప్రభుత్వం మొత్తం నిలబడింది. మన ఊరి వెనక అంత నిలబడుతుందని అనుకుని గుడారాలు వేయకూడదు. హోడ్కా పద్ధతి చిన్నది, నెమ్మదైనది, కమిటీలో పోట్లాటలు తప్పవు. అయినా లాభం ఎంతో, నష్టం ఎంతో ఊరి పుస్తకంలో కనిపిస్తుంది.

మూడో దారి కేరళలోని కుమరకోంలో కనిపిస్తుంది. అక్కడ హోటళ్ళు బయటివాళ్ళవే. 2008 ప్రాంతంలో బాధ్యతాయుత పర్యాటకం పేరుతో పంచాయతీ, పర్యాటక శాఖ, కుడుంబశ్రీ అనే మహిళా సంఘాలు కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. బీడుపడ్డ భూముల్లో మహిళా బృందాలు కూరగాయలు పండించడం, హోటళ్ళు వాటిని కొనడం. ధర, నాణ్యత, ఎంత సరుకన్నది కూర్చుని మాట్లాడుకోవడం. ఆ అనుభవంతోనే 2017లో రాష్ట్రమంతటికీ ఒక మిషన్ పెట్టారు. మీ ఊరి దగ్గర ఇప్పటికే రిసార్టు ఉంటే, కొత్తది కట్టేకన్నా ఇదే మంచి దారి. మన మహిళా సంఘాలకు ఈ శక్తి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

భూమి లీజు సంగతికి వస్తే, మాకు దగ్గర్లోని ఒక ఊళ్ళో చెరువు పక్కన ఆరెకరాలు ఒక సంస్థకు ఇచ్చారు. ఊరికి దక్కినవి ఒక వాచ్‌మన్ ఉద్యోగం, నాలుగు ఊడ్చే పనులు. కూరగాయలు, కోళ్ళు, పాలు కూడా పట్నం నుంచే వ్యాన్‌లో వచ్చేవి. నాలుగో ఏడాదికి వాళ్ళు వెళ్ళిపోయారు. సిమెంటు గదులు మిగిలాయి, ఆ మట్టిలో మళ్ళీ నాగలి దిగదు. ఇవ్వక తప్పదనుకుంటే లీజు కాగితంలో మూడు సంగతులు ఉండాలి: ఊరి నుంచి ఎంత సరుకు కొంటారు, ఎంతమందిని ఏ పనుల్లో తీసుకుంటారు, వెళ్ళేటప్పుడు భూమిని ఎలా అప్పగిస్తారు. ఇవి రాయని కాగితం మీద సంతకం పెట్టకండి.

ఏజెన్సీ ప్రాంతంలో అయితే చట్టమే గట్టిగా ఉంది. 1/70 చట్టం ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకు వెళ్ళడానికి వీల్లేదు, 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు దాన్ని ఇంకా బలపరిచింది. గిరిజనుల పేరు మీద బోర్డు పెట్టి వెనక వేరేవాళ్ళు నడిపే విడిదుల్లో భాగం కాకండి. అక్కడి యువకులకు నేను చెప్పేది ఒకటే, మీ భూమి మీదే ఉండనివ్వండి, గది చిన్నదైనా పర్వాలేదు.

మబ్బుల కొండ, మంచు ఊరు, నది ఒడ్డు

లంబసింగికి చలి కోసం, వనజంగికి మేఘాల కోసం జనం ఎలా వస్తారో చూసినవాళ్ళకు తెలుసు. తెల్లవారుజామున నాలుగింటికి కార్ల వరస. సూర్యుడు పైకొచ్చాక ఖాళీ. టీ కొట్లు, బొంగు చికెన్ అమ్మేవాళ్ళకు ఆ కాస్త సేపు బేరం, ఆ తర్వాత సీసాలు, కవర్లు ఏరుకోవడం. ఇలాంటి చోటు మీ ఊళ్ళో ఉంటే అది మీరు ఎంచుకునే పద్ధతి కాదు, ఒక వీడియో వైరల్ అయితే మీ మీదికి వచ్చి పడేది. అందుకే జనం రాకముందే పార్కింగ్ ఊరికి దూరంగా పెట్టుకోవాలి. గ్రామసభలో ప్రవేశ రుసుము తీర్మానం చేసుకోవాలి, ఆ డబ్బు ఊరి ఖాతాలో పడాలి. వచ్చినవాళ్ళు తొమ్మిదింటికి వెళ్ళిపోకుండా కాఫీ తోట చూపించి, మధ్యాహ్నం భోజనం దాకా ఆపగలిగితే మిగిలే డబ్బు వేరుగా ఉంటుంది.

నది ఊళ్ళకు నది ఒక వరం. మా జిల్లాలవైపు సోమశిలలో, శ్రీశైలం జలాశయం నీళ్ళు నిండినప్పుడు చూస్తే కళ్ళు చాలవు. కానీ ఆ నీళ్ళ కింద ఎన్ని ఊళ్ళు ఉన్నాయో మా పెద్దవాళ్ళు ఇప్పటికీ పేర్లు చెబుతారు. పడవ నడపాలనుకునే ఊరు 2019 సెప్టెంబర్‌లో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని మరిచిపోకూడదు. అనుమతి, లైఫ్ జాకెట్లు, వరద రోజుల్లో పడవ కట్టేయడం. వీటిలో ఒక్కటి లేకపోయినా పడవ వద్దు, ఒడ్డున కూర్చోబెట్టి చేపల పులుసు పెట్టండి, చాలు.

మరి మీ ఊరికి ఏది?

చేతిపని ఇంకా నడుస్తున్న ఊరైతే పగటి పర్యాటకంతో మొదలుపెట్టండి, రాత్రి బస గురించి రెండేళ్ళు ఆలోచించకండి. పట్నానికి దగ్గర్లో ఉన్న వ్యవసాయ ఊరైతే పొలం రోజు. దూరంగా ఉండి, కొండో అడవో ఉన్న ఊరైతే ఇంట్లో బస, అదీ వంతులతో. పాత ఇళ్ళు మాత్రమే మిగిలి, మనుషులు బాగా తగ్గిపోయిన ఊరైతే, నిజం చెప్పాలంటే, ముందు ఒకటి రెండు కుటుంబాలను వెనక్కి రప్పించే వేరే పని చూడాలి. మహారాష్ట్రలో హివరే బజార్ అలాగే చేసింది. ముందు నీళ్ళు నిలబెట్టుకుంది, సాగు పెరిగి వలస పోయినవాళ్ళు తిరిగొచ్చారు, ఆ తర్వాతే చూడడానికి బయటివాళ్ళు వచ్చారు. వరంగల్ దగ్గర గంగదేవిపల్లికి కూడా జనం వెళ్ళింది ఊరు తనను తాను బాగుచేసుకున్నాకే.

ఏది ఎంచుకున్నా, మొదటి ఏడాది డబ్బు పెట్టాల్సింది మూడింటి మీదే: మరుగుదొడ్లు, తాగునీరు, చెత్త. స్వాగత తోరణం మీద కాదు. గుడి ఉత్సవం, బతుకమ్మ, పీర్ల పండగ లాంటి వాటిని పర్యాటకుల కోసం తేదీలు మార్చి చేయకండి. వాళ్ళు వస్తే చూస్తారు, లేకపోతే మన పండగ మనదే. ఏ వీధిలోకి అతిథులు రాకూడదో, ఎవరి ఫోటోలు తీయకూడదో, మందు ఎక్కడ తాగకూడదో ఊరే రాసి, బుకింగ్ సమయంలోనే పంపాలి. ఆ కాగితం తయారు చేసేటప్పుడు ఆడవాళ్ళు కూర్చోవాలి. వాళ్ళు చెప్పే ఇబ్బందులు మనకు తట్టవు.

మా ఊరు మాత్రం పొలం రోజుతో మొదలుపెడుతోంది. ఈసారి నలుగురు రైతులు కలిసి రెండెకరాల్లో జొన్న వేశారు, ఊచబియ్యం కోసమే. సంక్రాంతి తర్వాత వచ్చే రెండో ఆదివారం ఇరవై ఐదు మందిని పిలిచాం. రాత్రి ఉంటామన్నవాళ్ళకు మూడు ఇళ్ళు సిద్ధం చేస్తున్నాం. వంతుల పుస్తకం నీరటి మల్లయ్య తాత మనవడి దగ్గర ఉంటుంది, వాడు పుణె నుంచి తిరిగొచ్చి ఇప్పటికి నాలుగు నెలలు. పెద్దమ్మ ఒక గది తాళం తీయించి సున్నం వేయించింది. మరుగుదొడ్డికి తలుపు బిగించడం ఒక్కటే మిగిలింది, వడ్లాయన శనివారం వస్తానన్నాడు.